ఫాల్కన్ 195, పన్నెండంగుళాల చక్రాలు: మన చేలల్లో దిగడానికి పనికొస్తాయా?

ముందే తేల్చి చెప్పేస్తాం. కడప, అనంతపురం, కర్నూలు పక్క హ్యాంగ్ గ్లైడింగ్, అంటే ఇంజను లేని గుడ్డ రెక్క కింద వేలాడుతూ ఎగరడం, నేర్చుకుంటున్నవాళ్లు సొంత గ్లైడర్ కొనాలంటే విల్స్ వింగ్ కంపెనీ ఫాల్కన్ లాంటి ఒంటిపొర రెక్క (గుడ్డ ఒకే పొరగా ఉండేది) తీసుకోండి. బేస్ బార్‌కు, అంటే చేత్తో పట్టుకుని నడిపే అడుగు గొట్టానికి, పన్నెండంగుళాల గాలి నింపే చక్రాలు వేయించండి. ఎంత దూరం జారుతుంది, ఎంత వేగం పోతుంది అన్న లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. ఎగరడంలో తప్పు చేస్తే దిద్దుకోవడానికి ఎత్తు ఉంటుంది. నేలకు రెండు మీటర్ల ఎత్తులో తప్పు చేస్తే ఉండేది ఒకటి రెండు సెకన్లే. అందుకే ఇక్కడ మార్కులన్నీ దిగుడుకే వేస్తున్నాం.

195 అంటే రెక్క వైశాల్యం, చదరపు అడుగుల్లో. మన లెక్కలో 18 చదరపు మీటర్ల పైచిలుకు. ఇదే మోడల్‌లో 145, 170 సైజులూ ఉన్నాయి. మనిషి, హార్నెస్ (వేలాడటానికి ఒంటికి కట్టుకునే పట్టీలు), హెల్మెట్ కలిపి 90 కిలోల దగ్గర తూగేవాళ్లకు 195 సరిపోతుంది. అరవై అరవై ఐదు కిలోల మనిషి "పెద్ద రెక్క అయితే మెల్లగా దిగొచ్చు కదా" అని ఇదే కొంటే ఇబ్బంది పడతాడు. ఒళ్లు పక్కకు జరిపినా రెక్క వెంటనే తిరగదు. ఫ్లేర్ కొడితే, అంటే ఆగడానికి చివర్లో ముక్కు ఒక్కసారిగా పైకెత్తితే, మళ్లీ పైకి లేస్తుంది, అక్కడి నుంచి కింద పడేస్తుంది. అలాంటివాళ్లు సైజు తగ్గించుకోవడమే మేలు.

ఒంటిపొర రెక్కకు వంపు ఎక్కువ, కొసలు కాస్త మెలి తిరిగి ఉంటాయి. వేగం తగ్గేకొద్దీ రెక్క మధ్య భాగం ముందు పట్టు వదులుతుంది, కొసలు ఇంకా మోస్తూనే ఉంటాయి. అందుకే స్టాల్ అయినా, అంటే వేగం చాలక రెక్క మోయడం మానేసినా, ఒక పక్కకు ఒరిగిపోకుండా మెత్తగా కుంగుతుంది. ఇది దిగేటప్పుడు అక్కరకొచ్చే గుణం. రెండు పొరల రేసు గ్లైడర్లు మీటరు ఎత్తు కోల్పోతూ పదిహేను మీటర్లు ముందుకు పోతాయి, ఒంటిపొరవి ఎనిమిది నుంచి పది మీటర్లు. నేల దగ్గరికొచ్చాక ఈ తేడా ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే నేలకు ఆనుకుని పోయే రెక్క మీద ఈడ్పు తగ్గుతుంది. మూడెకరాల చేనులో, అవతల రాతి గట్టు ఉన్నచోట, బాగా జారే గ్లైడర్ అంటే ఆ గట్టును గుద్దే గ్లైడర్ అన్నట్టే. రేసు గ్లైడర్ల వాళ్లు చిన్న గొడుగు లాంటి డ్రోగ్ చూట్ కట్టుకుని దిగేది ఈ బాధ పడలేకే.

ఎండ లెక్క మరిచిపోవద్దు. కంపెనీలు చెప్పే స్టాల్ వేగాలు సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల గాలిని ఆధారం చేసుకున్నవి. ఆ గాలి ఘనపు మీటరుకు 1.225 కిలోలు తూగుతుంది. మే నెలలో కడపలో 42 డిగ్రీలుంటే అదే ఘనపు మీటరు 1.1 కిలోకు కాస్త అటూఇటూ. గాలి పలచబడితే రెక్క మోయడానికి ఎక్కువ వేగం కావాలి. గ్లైడర్‌తో కలిపి 115 కిలోల బరువుకు, ఈ రెక్కకు స్టాల్ వేగం దాదాపు గంటకు 30 కిలోమీటర్లని లెక్కకొస్తే, ఎండలో అది 32కు దగ్గరవుతుంది. రెండు కిలోమీటర్లే కదా అనిపిస్తుంది గానీ, నేల మీద ఆపాల్సిన శక్తి పన్నెండు శాతం పెరిగినట్టు. అనంతపురం సముద్రమట్టానికి 335 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ ఇంకాస్త. ఎదురుగాలి దీనికి విరుగుడు. గాలి గంటకు 15 కిలోమీటర్లు ముఖానికి కొడుతుంటే నేల మీద మీ వేగం సగానికి పడిపోతుంది, శక్తి నాలుగో వంతుకు వస్తుంది. అదే గాలిని వీపుకు పెట్టుకుని దిగితే ఏ చక్రమూ కాపాడదు.

ఇక చక్రాల సంగతి. అసలు సమీక్ష ఇక్కడే.

మార్కెట్లో మూడు రకాలు దొరుకుతాయి. ఐదారు అంగుళాల సన్నటివి, గాలిని చీల్చేలా చేసినవి. ఎనిమిదంగుళాల గట్టి ప్లాస్టిక్‌వి. పన్నెండంగుళాల ట్యూబు చక్రాలు. సన్నటివి పచ్చిక నేలల కోసం చేసినవి, దుక్కి చేనులో వాటి పని సున్నా. ఎనిమిదంగుళాలవి స్కూలు మైదానంలో, కళ్లంలో, గట్టి బీడులో బాగానే దొర్లుతాయి. చేనులో పిడికిలంత మట్టిబెడ్డ, అంటే ఏడెనిమిది సెంటీమీటర్లది, అడ్డొస్తే కష్టం. ఎనిమిదంగుళాల చక్రం ఇరుసు నేలకు పది సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. బెడ్డ దాదాపు ఇరుసుకు తగిలినట్టే, చక్రం దాన్ని ఎక్కకుండా నిలిచిపోతుంది. పన్నెండంగుళాల దానికి ఇరుసు పదిహేను సెంటీమీటర్ల ఎత్తు, పైగా టైరు నలుగుతుంది కాబట్టి ఎక్కి దాటుతుంది. చక్రం నిలిచిపోతే బార్ నిలిచిపోతుంది, మనిషి మాత్రం నిలవడు. ఊయలలా ముందుకు ఊగి, ముక్కుతో సహా గ్లైడర్ నేలను కొడుతుంది.

ట్యూబులో గాలి నిండా కొట్టించొద్దు. సైకిలు షాపులో ఇస్తే అలవాటుకొద్దీ రాయిలా కొట్టేస్తారు. బొటనవేలితో గట్టిగా నొక్కితే అరంగుళం దిగాలి. చక్రం ఒక చేత్తో తిప్పి వదిలితే మూడు నాలుగు చుట్లు స్వేచ్ఛగా తిరగాలి. తిరగకపోతే లోపలి బుష్ (చక్రం నడుమ బార్‌కు తొడిగే ముక్క) బార్‌కు బిగుసుకుందని అర్థం. బుష్ లోపలి కొలత బార్ మందానికి సరిపోతుందో కొనేముందే చూసుకోవాలి, ఎందుకంటే గుండ్రటి బార్‌కు చేసిన బుష్ చదునుగా సాగదీసిన బార్‌కు పట్టదు.

మన పక్క ఈ చక్రాలకున్న శత్రువు పల్లేరు కాయ. తుమ్మ ముల్లు రెండోది. ట్యూబు పంక్చరై చదునైపోయిన చక్రం ఎనిమిదంగుళాల ప్లాస్టిక్ చక్రం కంటే అన్యాయం. పంక్చర్ కాకుండా ట్యూబులో పోసే జెల్ బైకు షాపుల్లో దొరుకుతుంది, కొన్ననాడే పోయించండి. ఎగరడానికి ముందు రెండు చక్రాలూ నొక్కి చూడటం హుక్ తగిలించి వేలాడి చూసుకోవడంతో సమానమైన పని.

నల్లరేగడిలో కథ వేరే. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కోవెలకుంట్ల పక్క ఎండాకాలం నెర్రెలు విచ్చిన నేలలో పన్నెండంగుళాల చక్రం కూడా నెర్రెలో దిగబడొచ్చు. వాన పడ్డాక అయితే రెండు చుట్లకే మట్టి చక్రాన్ని పూర్తిగా కప్పేసి బ్రేకు వేస్తుంది. అలాంటి రోజు చక్రాల మీద ఆశ పెట్టుకోకుండా కాళ్ల మీద దిగే ఉద్దేశంతోనే రావాలి, లేదా ఆ రోజుకు ఎగరడం మానాలి. ఎర్రనేలలు, అందునా వేరుశనగ పీకేసిన తర్వాత బీడుపడ్డ అనంతపురం చేలు, ఈ చక్రాలకు మామగారి ఇల్లే. సాళ్ల వెంబడి దిగండి. గాలి సాళ్లకు అడ్డంగా ఉంటే గాలికే ఓటు వేయాలి, వేరే చేను వెతుక్కోవాలి.

చక్రాలకు ఒక చెడ్డ గుణమూ ఉంది. గుట్ట మీద పెట్టి వదిలేస్తే గ్లైడర్ దానంతటది దొర్లుకుంటూ పోతుంది. ముక్కు నేలకు ఆనించి, కట్టేసి మరీ పక్కకు పోండి.

చక్రాల తర్వాత చూడాల్సింది డౌన్‌ట్యూబులు, అంటే రెక్క నుంచి బేస్ బార్ రెండు కొసలకు దిగే గొట్టాలు. ఫాల్కన్‌లో ఇవి అల్యూమినియం గొట్టాలు, గట్టిగా తగిలితే వంగిపోతాయి. వంగడమే వాటి పని. ఇంట్లో ఫ్యూజు కాలిపోతే తిట్టుకోకుండా కొత్త తీగ వేసుకుంటాం కదా, అలాంటిదే. మీటరు ఎత్తు నుంచి పడ్డ మనిషి నేల తాకేసరికి సెకనుకు 4.4 మీటర్ల వేగంతో ఉంటాడు. ఆ వేగం ఐదు సెంటీమీటర్లలో ఆగిపోతే ఒంటి మీద ఇరవై రెట్ల బరువు పడుతుంది, ముప్పై సెంటీమీటర్లలో ఆగితే మూడు రెట్లకు కాస్త ఎక్కువ. ఆ ముప్పై సెంటీమీటర్లను కొంత వంగే గొట్టం, కొంత నలిగే టైరు, మిగతాది మడిచిన మోకాళ్లు ఇస్తాయి. గ్లైడర్లు ఎగురుతున్న తొలిరోజుల్లోనే జర్మనీవాడు ఓటో లిలియెంతాల్ ఈ సంగతి పట్టుకున్నాడు. తన గ్లైడర్‌కు ముందువైపు వంగే బద్దతో ఒక చట్రం కట్టుకునేవాడు, దెబ్బ ముందు దానికి తగలాలని. 1896లో స్టాల్ అయి పడిపోయే చనిపోయాడు గానీ ఆ ఆలోచన మాత్రం సరైనదే.

వంగిన గొట్టాన్ని సుత్తితో సాగదీయించి మళ్లీ వాడేవాళ్లున్నారు. ఒకసారి వంగిన అల్యూమినియం ఈసారి వంగకుండా గాలిలోనే విరగొచ్చు. ఇంకా ప్రమాదకరమైన పని ఒకటుంది. "మన వెల్డింగ్ షాపులో జీఐ పైపుతో చేయిస్తే వందేళ్లు ఉంటుంది" అనే సలహా. అది వంగదు, నిజమే. అప్పుడు దెబ్బంతా మూలల బ్రాకెట్లకు, కీల్‌కు (రెక్క నడుమ ముందు నుంచి వెనక్కి పోయే గొట్టం), మీ చేయి ఎముకకు పోతుంది. ముక్కు కొట్టిన ప్రతిసారీ గొట్టాలతో ఆపకుండా ముక్కు ప్లేటు, మూల బోల్టులు, రెక్కలో అడ్డంగా ఉండే క్రాస్‌బార్, పక్క తీగలు కొక్కెం దగ్గర మెలిక పడ్డాయేమో అన్నీ చూడాలి. మెలిక పడ్డ తీగను సరిచేయడం ఉండదు, మార్చేయడమే.

చేయి ఎముక మాట వచ్చింది కాబట్టి: హ్యాంగ్ గ్లైడింగ్‌లో దిగేటప్పుడు తరచుగా విరిగేది భుజం కింది ఎముక. కారణం ఒకటే, ముక్కు నేలకు కొడుతుంటే డౌన్‌ట్యూబులను గట్టిగా పట్టుకుని ఉండిపోవడం. శరీరం ముందుకు పోతుంది, చేయి అక్కడే ఉంటుంది. వేళ్లతో తేలిగ్గా పట్టుకోండి, కొడుతుందని తెలియగానే వదిలేయండి.

హుక్ తగిలించి బోర్లా వేలాడినప్పుడు పొట్టకూ బార్‌కూ మధ్య పిడికిలి పట్టేంత సందు ఉండాలి. మరీ కిందికి వేలాడితే నిలబడ్డాక చేతులు పైకి చాలవు, ఫ్లేర్ సగమే పడుతుంది. వేలాడే పట్టీని కీల్ మీద అరంగుళం వెనక్కి జరిపితే గ్లైడర్ కాస్త మెల్లగా పోతుంది, ఫ్లేర్ సులువవుతుంది. ఒకేసారి అరంగుళం మించి జరపొద్దు, జరిపాక చిన్న గుట్ట మీద చూసుకున్నాకే ఎత్తుకు పోండి. హెల్మెట్ విషయంలో బైకు హెల్మెట్‌తో సర్దుకోవద్దు. బరువెక్కువ, మెడ తిప్పి చూడటం కష్టం. గాలిలో ఎగిరే ఆటలకు ఈఎన్ 966 అనే ప్రమాణం ఉంది, ఆ ముద్ర ఉన్నది తీసుకోండి.

ఎక్కడ దిగకూడదో కూడా చెప్పాలి. కంది కోసిన చేను చూడటానికి ఖాళీగానే ఉంటుంది, కొయ్యలు మాత్రం ఈటెల్లా నిలబడి ఉంటాయి. అక్కడ చక్రమూ వద్దు, కాలూ వద్దు. నిలువెత్తు జొన్నలో దిగక తప్పకపోతే కంకుల ఎత్తునే నేల అనుకుని అక్కడే ఫ్లేర్ కొట్టాలి, కింది మట్టిని చూసి ఆగితే కాళ్లు కంకుల్లో చిక్కి ముక్కు కొడుతుంది. కడప బండలు నిలువుగా పాతిన కంచెలు పైనుంచి గీతలా కనబడతాయి, దగ్గరికొచ్చాకే రాళ్లని తెలుస్తుంది. బోరు మోటార్లకు పోయే కరెంటు తీగలు అసలు కనబడవు, స్తంభాలను వెతకండి: రెండు స్తంభాల మధ్య తీగ ఉందనే అనుకోవాలి. మధ్యాహ్నం సుడిగాలి దుమ్ము లేచే చేను పక్కకే పోవద్దు. గండికోట లాంటి లోయల అంచు వెనక గాలి సుడులు తిరుగుతుంది, అంచుకు దగ్గరగా దిగాలని చూడకండి.

ఫాల్కన్‌లో నచ్చనివి కూడా ఉన్నాయి. ఆషాఢం గాలికి ఈ రెక్క ఎదురు పోలేదు, బార్ ఎంత లాక్కున్నా ఉన్నచోటే వేలాడుతుంది, కాబట్టి ఆ నెలల్లో పొద్దున్నే ఎగరాలి లేదా మానాలి. బరువు పాతిక కిలోల దాకా ఉంటుంది. మూట అయిదున్నర మీటర్ల పొడవు, బస్సు పైన ఎక్కించే సరుకు కాదు, బొలెరోకు ముందూ వెనకా నిచ్చెన కట్టాలి. గొట్టాలు ఇక్కడ దొరకవు, కాబట్టి గ్లైడర్‌తో పాటే డౌన్‌ట్యూబులు రెండు, బేస్ బార్ ఒకటి, చక్రాల ట్యూబులు రెండు, మూల బోల్టులు ఒక సెట్టు తెప్పించుకోండి. విడిగా తెప్పిస్తే రవాణా ఖర్చే గొట్టం ధరను మించిపోతుంది.