లాస్ట్ దీవి రహస్యం: ఏ వాదం మేలు?

“విమానం కూలిన రోజే వాళ్ళందరూ చనిపోయారు కదా?” విమానం కూలి ఒక వింత దీవిలో చిక్కుకున్నవారి కథ చెప్పే లాస్ట్ టీవీ ధారావాహిక మాట వచ్చిన ప్రతిచోటా నన్ను అడిగే ప్రశ్న ఇదే. ఆఫీసులో అడిగారు, రైల్లో అడిగారు, పెళ్ళి భోజనాల దగ్గరా అడిగారు. ఈ వేసవి సెలవులకు మా అక్క కూతురు నెల్లూరు వచ్చింది. మేడ మీద గదిలో కూర్చుని ఆరు సీజన్లూ పూర్తిచేసింది. మైపాడు తీరానికి తీసుకువెళ్ళిన రోజు, “మామయ్యా, మొదటి నుంచీ అందరూ ఆత్మలే, అంతేగా?” అంది. అడిగినట్టు లేదు, తేల్చేసినట్టుంది. అలల హోరులో సగం చెప్పి సగం వదిలేసిన ఆ జవాబును ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. చివరిదాకా చూడనివారు చూశాక చదవండి. కథ విప్పకుండా ఈ వాదాలను తూచడం కుదరదు.

2004 సెప్టెంబరు 22న అమెరికాలో మొదలై 2010 మే 23న ముగిసిన కథ ఇది. వారానికొక భాగం వచ్చే ఆ కాలంలో అభిమానులు అల్లిన ఊహలకు లెక్కలేదు. వాటిలో గట్టిగా నిలబడినవి మూడు. ఆ దీవి చావుకూ ఆ తర్వాతి ప్రయాణానికీ మధ్య మజిలీ అన్నది ఒకటి. ఆ దీవిలో పరిశోధనా కేంద్రాలు కట్టిన ధర్మా సంస్థ మనుషుల మనసుల మీద చేస్తున్న ప్రయోగం అన్నది రెండోది. దీవి అడుగున ఉన్న విద్యుదయస్కాంత శక్తి కాలాన్ని వంచుతోంది, మిగిలినవన్నీ దాని పర్యవసానాలే అన్నది మూడోది. నాది మూడో పక్షం. అయినా మొదటిదాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను.

మజిలీ వాదం మనవాళ్ళకు త్వరగా పట్టడంలో వింత లేదు. పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూసే ఇళ్ళలో పెరిగాం. కాకి ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలిపోయిందంటారు. ఇంటి పెద్ద చేతులు జోడించి, ఆ కోరిక తాము తీరుస్తామని పైకి మాటిస్తాడు. ఆ దీవిలో ప్రతివారికీ అలా తీరని లెక్క ఒకటుంది. జాక్‌కు తండ్రితో, లాక్‌కు తన మూత్రపిండం దోచుకున్న తండ్రితో, సయీద్‌కు తాను హింసించిన ఖైదీలతో. కథలోని మనుషులే ఈ వాదానికి సాక్ష్యం చెప్పినట్టు కనిపిస్తారు కూడా. మూడో సీజన్లో గాలిలోంచి దిగిన నయోమి, ఆ విమానం దొరికిందని, ఎవరూ బతకలేదని ప్రయాణికుల్లో ఒకడైన హర్లీతో చెబుతుంది. లాక్ తండ్రి తాము నరకంలో ఉన్నామని వాదిస్తాడు. 1867లో ఓడతోపాటు అక్కడికి కొట్టుకొచ్చిన రిచర్డ్ కూడా అదే నమ్ముతాడు. జాక్ తండ్రి శవపేటిక తెరిస్తే ఖాళీ. ఇన్ని చూశాక ఆ అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం.

చివరి భాగం ఈ గందరగోళాన్ని ఇంకా పెంచింది. ఆరో సీజన్లో పక్కనే నడిచిన రెండో లోకం నిజంగానే మరణానంతర లోకం. అంతవరకు ఆ వాదులు గెలిచినట్టే. దానికి తోడు ముగింపు పేర్లు వస్తున్నప్పుడు మనుషుల్లేని తీరంలో విమాన శకలాలు చూపించారు. కథ తాలూకు బరువు నుంచి ప్రేక్షకుడు తేరుకోవడానికి టీవీ సంస్థ చేర్చిన దృశ్యాలవి, రచయితలు చెప్పిన జవాబు కాదు. ఆ సంస్థే తర్వాత ఆ సంగతి స్పష్టం చేసింది. అయినా ఆ కొన్ని క్షణాలు లక్షల మంది మనసుల్లో తీర్పుగా నిలిచిపోయాయి. చివర్లో అందరూ కలిసే చర్చిలో జాక్ తండ్రి చెప్పే మాటలను జాగ్రత్తగా వింటే చాలు. జరిగినదంతా నిజమేనంటాడు. అక్కడున్నవారిలో కొందరు జాక్ కంటే ముందు, కొందరు చాలా కాలం తర్వాత చనిపోయారంటాడు. అంటే చర్చి మజిలీ, దీవి కాదు. హర్లీ దీవిని చాలా కాలం కాపాడి ఆ తర్వాతే అక్కడికి వచ్చాడు.

చిన్న ఊహలు కొన్ని ఉన్నాయి. అంతా హర్లీ మనసులో కలగన్నదే అనేది ఒకటి. రెండో సీజన్లోనే ఒక భాగంలో ఆ మాట పైకి తెచ్చి అక్కడే వదిలేశారు. దీవిలో తిరుగుతూ మనుషులను చంపే నల్లపొగ సూక్ష్మయంత్రాల గుంపు అనేది ఇంకొకటి. మునిగిపోయిన ప్రాచీన నాగరికత అని, నాలుగు కాలివేళ్ళ విగ్రహాన్ని సాక్ష్యంగా చూపేవారూ ఉన్నారు. వీటి మీద కాలం వెచ్చించనవసరం లేదు.

ఇక అసలు పోరు రెండో, మూడో వాదాల మధ్య. ఆ పోరుకు వేదిక, దీవి నేల కింద ధర్మా కట్టిన స్వాన్ కేంద్రంలోని బటన్. 108 నిమిషాలకోసారి 4, 8, 15, 16, 23, 42 అంకెలు కొట్టి ఆ బటన్ నొక్కాలి. ఆరింటినీ కూడితే వచ్చేదీ 108. ధర్మా అనే పేరు, ఆ సంస్థ వీడియోల్లో శాస్త్రవేత్త చేతులు జోడించి చెప్పే నమస్తే, అష్టోత్తర సంఖ్య, ఇవన్నీ చూసి మన దగ్గర చాలామంది పూర్తిగా ఆ సంస్థ చుట్టూనే తిరిగారు. 1970లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు పరిశోధకులు మొదలుపెట్టిన సంస్థగా కథ దాన్ని పరిచయం చేస్తుంది. మనస్తత్వం, జంతుశాస్త్రం, విద్యుదయస్కాంతం అన్నీ దాని పరిధిలోవే. కాబట్టి బటన్ వెనక ఏమీ లేదని, మనిషి అర్థం లేని పనిని ఎన్నాళ్ళు చేస్తాడో చూడటానికే అది పెట్టారని అనుకోవడం సహజం.

లాక్ ఆ బటన్ నొక్కడం చూసిన ప్రతిసారీ నాకు మా ఊరి స్వర్ణాల చెరువు గుర్తొస్తుంది. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర, నీళ్ళలో నిలబడి సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె పట్టుకునేవారిని చూస్తూ పెరిగాను. కోరిక తీరితే మరుసటి ఏడాది వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇస్తారు. మా పిన్ని ఏటా వెళ్తుంది. ఆ రొట్టెకూ కోరికకూ మధ్య తీగ ఎక్కడుందని ఆమె ఎన్నడూ అడగలేదు. లాక్ కూడా మొదట్లో అడగడు. తర్వాత ధర్మా వారి మరో కేంద్రమైన పెర్ల్‌లోకి దిగుతాడు. అక్కడ కూర్చున్నవారి పని, స్వాన్‌లో బటన్ నొక్కేవారిని తెరల మీద గమనిస్తూ పుస్తకాల్లో రాయడం, ఆ పుస్తకాలను గొట్టంలో వేసి పంపడం. అది చూశాక లాక్ నమ్మకం ఒక్కసారిగా కుప్పకూలింది. బటన్ నొక్కడం మానేద్దామని పంతం పట్టాడు. ప్రయోగ వాదానికి అదే పతాకఘట్టం. ఆ వారం ఆ పక్షం వారిని ఎదిరించి మాట్లాడటం ఎవరి వల్లా కాలేదు.

రెండో సీజన్ చివరి భాగం ఆ వాదాన్ని రెండు దెబ్బలతో కూల్చింది. మొదటిది, పెర్ల్ నుంచి గొట్టంలో వెళ్ళిన పుస్తకాలన్నీ ఎవరూ తెరవకుండా బయలులో గుట్టగా పడి ఉంటాయి. గమనించేవారి రాతలకే విలువ లేదు. రెండోది నాకు మొత్తం కథలోకెల్లా ముఖ్యమైన వస్తువు. లాక్ పెర్ల్ నుంచి తెచ్చిన ముద్రిత కాగితాల చుట్ట. అందులో బటన్ నొక్కిన ప్రతి సమయం ఉంది. ఒకచోట వ్యవస్థ విఫలమైనట్టు వరుసగా అచ్చయి ఉంది. విమానం కూలకముందు నుంచీ స్వాన్‌లో బటన్ నొక్కుతూ వచ్చిన డెస్మండ్ దాన్ని చదివి, మీ విమానం ఏ రోజు కూలిందని లాక్‌ను అడుగుతాడు. సెప్టెంబరు 22. ఆ రోజే డెస్మండ్ తన తోటి మనిషితో పెనుగులాడి, అతని చావుకు కారణమై, ఆలస్యంగా తిరిగొచ్చి బటన్ నొక్కాడు. ఆ ఆలస్యంలో విడుదలైన శక్తి విమానాన్ని నేలకు లాగింది.

ఏ వాదాన్నయినా నేను ఈ కాగితం ముందు నిలబెడతాను. విమానం కూలడానికి ఈ భూమి మీదే కారణం ఉంది, దానికి తేదీ ఉంది, ఒక మనిషి తప్పు ఉంది. అంతా చావు తర్వాతి లోకమైతే ఈ కాగితానికి అర్థమే లేదు. మానసిక ప్రయోగమైతే బటన్ ఆపినప్పుడు ఏమీ కాకూడదు. కానీ ఆకాశం ఊదారంగుకు మారింది, లోహమంతా గోడకు అతుక్కుపోయింది. మైపాడులో మా అక్క కూతురు సగమే విన్న మాట ఇదే. ఇంటికొచ్చి ఆ భాగాన్ని మళ్ళీ చూసింది.

కాలం వంగుతోందన్న మాటకు సాక్ష్యం తర్వాతి సీజన్లలో వస్తుంది. నాలుగో సీజన్లో, తీరానికి దూరంగా ఆగిన ఓడ నుంచి దీవికి వచ్చిన భౌతికశాస్త్రవేత్త ఫారడే చేసే రాకెట్ పరీక్ష నాకు ప్రాణం. ఓడ నుంచి చిన్న రాకెట్ పంపమంటాడు. రావలసిన సమయానికి రాదు. వచ్చాక దానిలోని గడియారానికీ తన చేతిలోని గడియారానికీ 31 నిమిషాల తేడా కనిపిస్తుంది. శ్రీహరికోటలో ప్రయోగం ఉన్న ప్రతిసారీ ఇంటి మేడల మీదికెక్కి క్షణాలు లెక్కపెట్టే ఊళ్ళో పుట్టినవాణ్ణి. రాకెట్ వేళ తప్పడం ఎంత పెద్ద సంగతో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫారడే ముఖం పాలిపోయిన క్షణం నాకు వెన్నులో చలి పుట్టింది. ఆ సీజన్లోనే ఓడలోని వైద్యుడి శవం, గొంతు కోసిన స్థితిలో, తీరానికి కొట్టుకొస్తుంది. ఓడవాళ్ళను అడిగితే వైద్యుడు క్షేమంగా ఉన్నాడంటారు. అప్పటికి అతన్ని ఇంకా ఎవరూ చంపలేదు. ధర్మా పట్టీతో ధ్రువపు ఎలుగుబంటి ఎముకలు ట్యునీసియా ఎడారిలో దొరకడం కూడా ఈ వరుసలోదే. దీవి అడుగున ఉన్న చక్రాన్ని తిప్పినవారు తేలేది ఆ ఎడారిలోనే.

ఈ పక్షంలోనే ఒక చీలిక ఉంది. కొందరు కాలం గుండ్రంగా తిరుగుతోందని, అదే కథ మళ్ళీ మళ్ళీ జరుగుతోందని, ఒక్కో చుట్టులో ఒక్కో చిన్న మార్పు వస్తోందని అంటారు. నాకది ఒప్పదు. జరిగింది జరిగింది, మార్చలేమని ఫారడే చెప్పే సూత్రమే కథకు పట్టు ఇస్తుంది. కాలంలో వెనక్కి, 1977కు వెళ్ళిన జాక్ అక్కడ బాంబు పేల్చి విమానం కూలకుండా ఆపాలని బయలుదేరినప్పుడు, ఆ బాంబే స్వాన్ స్థలంలో జరిగిన అసలు ప్రమాదానికి కారణమైతే ఎలా అని తోటివాడు మైల్స్ అడుగుతాడు. ఆ ప్రమాదం వల్లే స్వాన్‌లో బటన్ పుట్టింది. బటన్ వేళకు నొక్కనందుకు విమానం కూలింది. విమానం కూలినందుకే జాక్ అక్కడున్నాడు. ఇంత బిగువైన ముడి చుట్ల వాదంలో వదులైపోతుంది. మార్పు కుదిరే లోకంలో చార్లీ నీళ్ళలో మునుగుతూ, వచ్చింది డెస్మండ్ ప్రియురాలు పెన్నీ ఓడ కాదని అరచేతి మీద రాసి చూపడానికి అంత విలువ ఉండదు. ఇంకో చుట్టులో బతికించుకోవచ్చని మనసు సర్దుకుంటుంది. ఎనిమిదేళ్ళ తర్వాత క్రిస్మస్ ముందురోజు డెస్మండ్ చేసిన ఫోను పెన్నీ ఎత్తుతుంది. అది కన్నీళ్ళు తెప్పించేది ఆ నంబరు మార్చకుండా ఆమె నిజంగా అన్నేళ్ళు ఉంది కనుకనే.

నా పక్షానికి అందనివీ ఉన్నాయి. నడవలేని లాక్ కూలిన రోజే లేచి నిలబడటం, రోజ్ తన క్యాన్సర్ పోయిందని లోపల తెలుసుకోవడం, అయస్కాంతంతో వివరించబోతే మాటలు తడబడతాయి. దీవిని కాపాడే జేకబ్, అతని అన్నదమ్ముడు, గుహలోని వెలుగు వచ్చాక కథే ఆ ప్రయత్నం మానేసింది. ఆ ముగింపు నచ్చనివారి కోపం నాకు అర్థమవుతుంది. కానీ భర్త ఇసుకలో పెద్ద అక్షరాలు పేర్చి సాయం పిలుస్తుంటే, రోజ్ వద్దని వారించే దృశ్యం చూసినప్పుడు నేను కారణం వెతకను. ఆ రోజు మైపాడు నుంచి తిరిగొస్తూ మా అక్క కూతురు ఇదే అడిగింది, క్యాన్సర్ ఎలా పోయింది మామయ్యా అని. పిన్నిని అడగమన్నాను.