విండో అంచుకు స్టైల్‌షీటు: మెటాసిటీ థీము విధానంపై ఒక సమీక్ష

కావలి ట్రంకు రోడ్డుకు దగ్గరలో మా కుటుంబం నడుపుతున్న టైపింగు, జిరాక్సు సెంటరులో నాలుగు పాత కంప్యూటర్లు ఉన్నాయి. దస్తావేజుల ముసాయిదాలు, రొయ్యల గుంటల లీజు ఒప్పందాలు, అర్జీలు టైపు చేయడమే రోజంతా వాటిపై జరిగే పని కనుక, ఒక్కో తెరపై ఎప్పుడూ మూడు నాలుగు విండోలు తెరిచే ఉంటాయి. నాలుగింటిలోనూ లినక్సుపై గ్నోమ్ ఫ్లాష్‌బ్యాక్ డెస్క్‌టాప్‌ను, దాని విండో మేనేజర్ అయిన మెటాసిటీని వాడుతున్నాము. విండో చుట్టూ ఉండే అంచును, పైనున్న టైటిల్ బారును, మూసే బటన్నూ చిన్నది చేసే బటన్నూ గీసేది మెటాసిటీయే. ఎలా గీయాలన్న వివరాలను అది వెబ్ పేజీలకు వాడే తరహా స్టైల్‌షీటు (రంగులు, కొలతల నియమాలు రాసే ఫైలు) నుంచి తీసుకోగలదు. ఆ సౌకర్యంతో మా సెంటరుకు సొంత థీము తయారు చేసుకొని, ఏడాదికి పైగా దానితోనే పని చేసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

థీము మార్చుకోవడం సరదా కోసం చేసే పని అని నేను చాలాకాలం అనుకున్నాను. ఒకరోజు ఇద్దరు రైతుల లీజు ఒప్పందాలు పక్కపక్కన తెరిచి ఉండగా, మా బాబాయి ఒకరి గుంటకు రాయవలసిన దక్షిణపు హద్దును రెండో వారి చెక్కుబందిలో టైపు చేశారు. ఇద్దరికీ చదివి వినిపించేటప్పుడు సంగతి బయటపడింది కాబట్టి నష్టమేమీ జరగలేదు. అయితే బాబాయి టైపు చేయడంలో ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్నవారు. శుక్లం ఆపరేషన్ తరువాత ఆయనకు లేత రంగుల మధ్య తేడా సరిగా ఆనడం లేదు. “అబ్బయా, నేను కొట్టే అక్షరం ఏ విండోలో పడతా ఉండాదో తెలవడంలా” అని ఆయన అన్నప్పుడు నేను తెరను శ్రద్ధగా చూశాను. అప్పటికి మేము వాడుతున్న థీములో, పనిలో ఉన్న విండో టైటిల్ బారు లేత బూడిద రంగులోనూ, పక్కనున్నది అంతకన్నా కొంచెం లేత బూడిద రంగులోనూ ఉన్నాయి. కళ్లు బాగున్న నాకే ఆ తేడా కనిపెట్టడానికి క్షణం పట్టింది. ఏ విండో మన చేతిలో ఉందో చెప్పడం విండో అంచు చేయవలసిన మొదటి పని. ఈ విధానాన్ని నేను ఆ ఒక్క కొలతతోనే తూచి చూశాను.

స్టైల్‌షీటు పద్ధతి విలువ తెలియాలంటే అంతకు ముందున్న పద్ధతులను గుర్తు చేసుకోవాలి. మెటాసిటీకి ముందు గ్నోమ్‌లో సాఫిష్ అనే విండో మేనేజర్ ఉండేది. దానిలో థీము అంటే లిస్ప్ కుటుంబానికి చెందిన ఒక భాషలో రాసిన ప్రోగ్రాము కనుక, అంచు రంగు మార్చాలన్నా ప్రోగ్రామరు కావలసిందే. హావక్ పెన్నింగ్టన్ మొదలుపెట్టిన మెటాసిటీ 2003లో వచ్చిన గ్నోమ్ 2.2తో సాఫిష్ స్థానంలోకి వచ్చి, థీమును ఎక్స్ఎంఎల్ అనే ట్యాగుల రూపంలోని ఫైలుగా మార్చింది. ప్రోగ్రామింగు అవసరం తప్పింది గానీ, గీతలు గీసే బాధ్యత మాత్రం థీము రాసేవారిమీదే ఉండిపోయింది. ఎక్కడ గీత పెట్టాలి, ఎక్కడ చతురస్రం నింపాలి, బటన్ కుడి అంచు నుంచి ఎన్ని పిక్సెళ్ల దూరంలో ఉండాలి అన్నవన్నీ కూడికలు, తీసివేతల సూత్రాలతో ఎవరికి వారే రాసుకోవాలి.

ఆ పాత ఫైళ్లలో ఒకదాన్ని తెరిచి చూస్తే అసలు చిక్కు ఎక్కడుందో అర్థమవుతుంది. మామూలు విండో, డైలాగు, యుటిలిటీ, మెనూ అంటూ విండోల రకాలు వేరు వేరుగా ఉంటాయి. ప్రతి రకానికీ పనిలో ఉన్నప్పుడు ఒక రూపం, లేనప్పుడు ఒక రూపం చెప్పాలి. ఆ రెంటిలోనూ మామూలు స్థితి, తెరనిండా పరిచిన స్థితి, టైటిల్ బారులోకి చుట్టేసిన స్థితి అని మళ్లీ విడగొట్టాలి. వీటికి తోడు సైజు మార్చడానికి వీలు ఉందా లేదా, ఉంటే నిలువుగానా, అడ్డంగానా అన్నది కూడా చెప్పాలి. బటన్లకైతే నొక్కినప్పటి రూపం, మౌసు మీదికి వచ్చినప్పటి రూపం అదనం. బాబాయి కోసం నాకు కావలసిన మార్పు ఒక్కటే: పనిలో లేని విండో రంగు వేరుగా ఉండాలి. ఆ ఒక్క మార్పును ఈ పట్టికలో ఎన్ని గళ్లలో చేయాలో లెక్క పెట్టుకొని నేను మొదటిసారి ఆ ప్రయత్నాన్నే విరమించుకున్నాను. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, ఆ ఫైలులో ఒక్క గుర్తు తప్పినా థీము మొత్తం లోడు కాకుండా పోతుంది.

వెబ్ కోసం హోకన్ వియుమ్ లీ 1994లో ప్రతిపాదించగా 1996 డిసెంబరులో ప్రమాణంగా వెలువడిన సీఎస్ఎస్ అనే స్టైల్‌షీటు భాష, ఇటువంటి పట్టికల బాధను తీర్చడానికి తగిన సాధనం. సాధారణ నియమం ఒకసారి చెప్పి, తేడా ఉన్న చోట తేడా మాత్రమే చెప్పమంటుంది. గ్నోమ్ అప్లికేషన్ల బటన్లు, మెనూలు గీసే జీటీకే లైబ్రరీ మూడో తరం నుంచి ఈ భాషను తీసుకుంది. 2015లో వచ్చిన గ్నోమ్ 3.16 నుంచి, గ్నోమ్ ప్రధాన డెస్క్‌టాప్ అయిన గ్నోమ్ షెల్‌కు ఆధారమైన మట్టర్ అనే విండో మేనేజర్ పాత ఎక్స్ఎంఎల్ థీములను వదిలి, అంచులను కూడా జీటీకే స్టైల్‌షీటుతోనే గీయడం మొదలుపెట్టింది. మెటాసిటీ ఇందులో ఇంకొంచెం ఉదారంగా ఉంది. కొత్త పద్ధతిని చేర్చుకుంటూనే పాతదాన్ని కూడా ఉంచింది. ఏది కావాలో ఒక సెట్టింగులో చెప్పవచ్చు. రెండు పద్ధతులనూ ఒకే యంత్రంపై పోల్చి చూడడానికి నాకు వీలైంది ఈ సెట్టింగు వల్లనే.

ఈ పద్ధతిలో విండో అంచు అంటే ఒకదానిలో ఒకటి ఇమిడిన పెట్టెల వరుస. బయట విండో, దాని లోపల డెకొరేషన్ అనే చట్రం, ఆ చట్రంలో హెడర్‌బార్ అనే పైపట్టీ, పట్టీలో పేరు కోసం టైటిల్, బటన్ల కోసం టైటిల్‌బటన్ ఉంటాయి. విండో మేనేజర్ గీసే అంచులకు ఎస్ఎస్‌డీ అనే తరగతి పేరు తగిలించి ఉంటుంది కాబట్టి, అప్లికేషన్లు తమంతట తాము గీసుకునే పట్టీలను ముట్టుకోకుండా వీటికి మాత్రమే నియమాలు రాయవచ్చు. ప్రతి పెట్టెకూ మార్జిన్ (బయటి ఖాళీ), బోర్డరు (చుట్టూ గీత), ప్యాడింగు (లోపలి ఖాళీ) ఉంటాయి. పట్టీ ఎత్తు ఎంత, బటన్ ఎక్కడ నిలబడాలి అన్న లెక్కలను వీటి నుంచి విండో మేనేజరే వేసుకుంటుంది. ఇక పనిలో లేని స్థితికి బ్యాక్‌డ్రాప్ అనే ఒకే మాట ఉంది. దాన్ని నియమం చివర చేర్చితే చాలు. డైలాగైనా, మామూలు విండో అయినా, తెరనిండా పరిచినదైనా, వేరే నియమం రాస్తే తప్ప అన్నిటికీ అదే వర్తిస్తుంది. బాబాయి సమస్యకు ఎక్స్ఎంఎల్‌లో అన్ని గళ్లు నింపవలసి వచ్చిన చోట, ఇక్కడ నాకు నాలుగు వరుసలు సరిపోయాయి.

థీమును మొదటి నుంచి రాయవలసిన అవసరం కూడా లేదు. జీటీకేతో పాటే వచ్చే మూల థీము పేరు అద్వైత. మనకు బాగా తెలిసిన మాటే. మన ఫైలు మొదటి వరుసలో దాన్ని దిగుమతి చేసుకొని, కింద మన తేడాలను రాసుకుంటే సరిపోతుంది. నా ఫైలు మొత్తం ఒకే పేజీలో ముద్రించగలిగేంత చిన్నది. ఎక్కడైనా అక్షరం తప్పు పడితే ఆ ఒక్క నియమాన్ని వదిలేసి మిగిలినవాటిని అమలు చేస్తుంది కాబట్టి, సెంటరు తెరిచి ఉన్న వేళ ప్రయోగాలు చేయడానికి నాకు భయం కలగలేదు. ఫైలును సరిదిద్దిన ప్రతిసారీ మెటాసిటీని మళ్లీ మొదలుపెట్టవలసి రావడం మాత్రం కొంత విసుగు కలిగించింది.

రంగుల విషయంలో నేను చీరల లెక్కను పాటించాను. పనిలో ఉన్న విండో పట్టీకి ముదురు నెమలికంఠం రంగు, దానిపై తెల్ల అక్షరాలు, పట్టీ కింద మూడు పిక్సెళ్ల మందాన మామిడిపండు రంగు గీత పెట్టాను. పనిలో లేనిదానికి లేత బూడిద పట్టీ, దానిపై నలుపుకు దగ్గరైన అక్షరాలు ఉంటాయి. కింది గీత ఉంటుంది గానీ పట్టీ రంగులో కలిసిపోతుంది. గీతను తీసేయకుండా రంగు మాత్రమే మార్చడానికి కారణం ఉంది. స్థితిని బట్టి మందం మారేలా రాస్తే పట్టీ ఎత్తే మారుతుంది. విండో నుంచి విండోకు వెళ్లిన ప్రతిసారీ పత్రం కాస్త కదిలే ప్రమాదం ఉంటుంది. టైపు చేసేవారికి అది చికాకు. వెబ్ సౌలభ్య ప్రమాణాలు మామూలు సైజు అక్షరాలకు 4.5కు 1, బటన్ల వంటి గుర్తులకు 3కు 1 కనీస కాంట్రాస్టు (నేపథ్యంతో వెలుగు తేడా) ఉండాలంటాయి. పనిలో లేని విండో పేరును కూడా నేను ఆ హద్దుకన్నా తగ్గనివ్వలేదు. చాలా థీములు ఆ పేరును లేత బూడిదలోకి దింపేస్తాయి. కానీ తరువాత ఏ విండోకు వెళ్లాలో వెతికేటప్పుడు మనం చదివేది ఆ పేరునే. రంగుల తేడా గుర్తించలేనివారికి కూడా ఉపయోగపడాలని ముదురు, లేత భేదంపైనే ఆధారపడ్డాను.

తెలుగువారికి ప్రత్యేకంగా పనికివచ్చే సంగతి ఒకటి ఉంది. మా సెంటరులో ఫైళ్లకు తెలుగులోనే పేర్లు పెడతాము. పట్టీ ఎత్తును విండో మేనేజర్ ఫాంటు కొలతల నుంచి లెక్క కడుతుంది. ఆంగ్ల అక్షరాలకు సరిపోయేలా బిగించిన సన్నటి పట్టీలో ‘లక్ష్మమ్మ’, ‘స్త్రీశక్తి’ వంటి పేర్లలో కింద చేరే వత్తులకు చోటు చాలదు. ఇంతకు ముందు థీములో ఆ వత్తుల అడుగుభాగం అంచుకు తగిలి కోసినట్టు కనిపించేది. క్షకు కింద మ వత్తు ఉందో లేదో తెలిసేది కాదు. స్టైల్‌షీటులో హెడర్‌బార్‌కు పైనా కిందా ఆరేసి పిక్సెళ్ల ప్యాడింగు ఇచ్చి, టైటిల్ ఫాంటుగా నోటో సాన్స్ తెలుగును పెట్టిన తరువాత ఆ ఇబ్బంది తీరింది. ఎక్స్ఎంఎల్ పద్ధతిలో ఇదే మార్పు చేస్తే బటన్ల స్థానాల సూత్రాలు కూడా తిరగరాయవలసి వచ్చేది. ఇక్కడ బటన్లు వాటంతట అవే పట్టీ మధ్యకు సర్దుకున్నాయి. ఈ ఒక్క సుఖం కోసమైనా తెలుగులో పని చేసేవారు ఈ పద్ధతికి మారవచ్చునని నా అభిప్రాయం.

లోపాలు లేకపోలేదు. పెట్టెల భాషలో చెప్పలేని ఆకారాలను ఇక్కడ గీయలేము. గుండ్రని మూలలు, రంగుల క్రమఛాయలు, నేపథ్య చిత్రాలు వరకు సరే. పట్టీపై వాలు గీతలు, వంపు గీతలు వంటివి పాత ఎక్స్ఎంఎల్ థీములు రాసినవారికి సాధ్యమయ్యేవి. ఆ కళ కోరుకునేవారు పాత పద్ధతిని ఉంచుకోవడమే మంచిది. మాటే అనే మరో డెస్క్‌టాప్‌లోని మార్కో విండో మేనేజర్ మెటాసిటీ నుంచే చీలి, ఇప్పటికీ ఆ థీములనే వాడుతోంది. బటన్లు ఎడమన ఉండాలా, కుడిన ఉండాలా అన్నది కూడా స్టైల్‌షీటులో చెప్పలేము. అది వేరే సెట్టింగు. నిజానికి అది అలా ఉండడమే సరి. రూపం థీముది, అలవాటు మనిషిది.

అంతకన్నా పెద్ద లోపం పేర్ల నిలకడ. 2016లో జీటీకే 3.20 వచ్చినప్పుడు స్టైల్‌షీటులో భాగాలను పిలిచే పద్ధతే మారిపోయింది. అప్పటివరకు జనం రాసుకున్న థీములు చాలావరకు తిరగరాయవలసి వచ్చింది. బటన్లు, మెనూలు గీసే ఒక లైబ్రరీ లోపలి పేర్లనే థీము భాషగా వాడితే వచ్చే ఫలితం ఇది. విండో అంచుకు అన్ని పేర్లు అవసరం లేదు. చట్రం, పట్టీ, పేరు, బటన్ అన్న నాలుగైదు పేర్లను విడిగా ఖాయం చేసి, అప్లికేషన్ లోపలి మార్పులు వాటిని తాకకుండా ఉంచి ఉంటే ఈ విధానం ఎంతో కాలం నిలిచేది. ఇటువంటి విధానాన్ని కొత్తగా రూపొందించేవారు మొదట కూర్చొని తేల్చుకోవలసినది ఆ పేర్ల జాబితానే.

చివరిగా, టైటిల్ బారును తామే గీసుకునే అప్లికేషన్ల సంగతి. జీటీకే 4పై లిబ్‌అద్వైత లైబ్రరీతో రాసిన కొత్త అప్లికేషన్లు మన థీమును పట్టించుకోవు. వాటి పట్టీలు నా నెమలికంఠం మధ్యలో తెల్లగా నిలబడతాయి. లిబ్రేఆఫీసు వంటివి విండో మేనేజర్ గీసిన అంచునే వాడతాయి కనుక మా ప్రధానమైన పనికి దీనివల్ల అడ్డంకి రాలేదు. స్కానరుకు, పీడీఎఫ్‌లకు మాత్రం సొంత పట్టీ గీసుకోని అప్లికేషన్లను వెతికి పెట్టుకున్నాను. ఇప్పుడు నాలుగు యంత్రాలపైనా ఒకే స్టైల్‌షీటు ఉంది. బాబాయి యంత్రంలో మాత్రం మామిడిపండు గీతను ఆయన కోరిక ప్రకారం మూడు నుంచి ఐదు పిక్సెళ్లకు పెంచాను. ఫైలులో మారినది ఒక్క అంకె.