కండోమా, మాత్రలా: కొత్త జంటకు ఏది మేలు?

గుంటూరు బ్రాడీపేటలో మాది మందుల షాపు. కొత్తగా పెళ్లైన కుర్రాళ్లు జనం పలచబడ్డాక వచ్చి, గొంతు తగ్గించి అడిగేది ఇదే: "అన్నా, ఇప్పుడే పిల్లలొద్దు. కండోమ్ వాడమంటారా, మా ఆవిణ్ణి మాత్రలు వేసుకోమనమంటారా?"

గర్భం సంగతి ఒక్కటే చూస్తే మాత్రలదే పైచేయి. రోజూ మరవకుండా వేసుకుంటే ఏడాదిలో నూటికి ఒకరికి కూడా గర్భం రాదు. కండోమ్ ప్రతిసారీ సరిగ్గా వాడినా ఇద్దరికి వస్తుంది. మరుపులూ పొరపాట్లూ కలుపుకుంటే మాత్రలతో ఏడుగురికి, కండోమ్‌తో 13 మందికి.

అయినా నేను ముందు కండోమే చేతిలో పెడతాను. కలయికతో అంటుకునే హెచ్‌ఐవీ, గనేరియా, క్లమీడియా లాంటి జబ్బులు సోకకుండా మాత్ర ఏమీ చెయ్యలేదు. క్లమీడియా వచ్చిన ఆడవాళ్లలో చాలామందికి నొప్పీ ఉండదు, మంటా ఉండదు. వైద్యం అందకపోతే లోలోపల గర్భసంచి పక్కనుండే ట్యూబులు పాడవ్వొచ్చు. ఇప్పుడొద్దనుకున్న పిల్లలు రేపు కావాలన్నా పుట్టని పరిస్థితి రావచ్చు. మనిషిని చూసి జబ్బు లేదని చెప్పలేం. పైగా బీపీ, మైగ్రేన్ ఉన్న అమ్మాయిలు డాక్టర్ని అడగకుండా మాత్రలు మొదలుపెట్టకూడదు. పిల్లలొద్దన్న నిర్ణయం ఇద్దరిదైనప్పుడు బరువంతా ఆ అమ్మాయి మీదే వెయ్యడం నాకు నచ్చదు. ఇద్దరూ ఒప్పుకుంటే రెండూ కలిపి వాడండి, అంతకంటే మంచిది లేదు.

కండోమ్ చిరగడానికి చాలాసార్లు మన వాడకమే కారణం. మే నెల ఎండలో బండి డిక్కీలో ఉంచకండి. కొబ్బరినూనె తగిలితే లేటెక్స్ నిమిషాల్లో బలం కోల్పోతుంది, నీటితో చేసిన జెల్లీ వాడండి. తేదీ చూసుకుని, ప్యాకెట్‌ను పంటితో కాకుండా చేత్తో అంచు దగ్గర చింపండి. కొస నొక్కి గాలి తీసేసి తొడగండి. ఒకదాని మీద ఇంకొకటి వద్దు.

గర్భసంచిలో పెట్టే కాపర్-టీ పదేళ్లదాకా పనిచేస్తుంది, గర్భం రాకుండా ఆడవాళ్లకు ఇచ్చే అంతర ఇంజెక్షన్ మూడు నెలలకోసారి. రెండూ మంచివే, ఇన్ఫెక్షన్లను మాత్రం ఆపవు.

నోరు తెరిచి అడగలేకపోతే చీటీ రాసివ్వండి, ఏ షాపులోనైనా ఇస్తారు. కొనలేనివాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం, ఆశా కార్యకర్తల దగ్గర కూడా దొరుకుతాయి.

ఒకవేళ కండోమ్ చిరిగితే 72 గంటల్లోపు గర్భం రాకుండా ఆపే అత్యవసర మాత్ర వేసుకోవాలి, ఎంత తొందరైతే అంత మేలు. హెచ్‌ఐవీ అనుమానముంటే ఆ 72 గంటల్లోపే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి, అది సోకకుండా 28 రోజుల మందులు మొదలుపెడతారు. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యండి, డబ్బులు పడవు.