మెటల్ ప్రింటింగ్, సీఎన్‌సీ రెండూ మా దగ్గరే అంటే వెంటనే ఆర్డర్ పెట్టేయకండి

ఎవరైనా మెటల్ త్రీడీ ప్రింట్ చేయించి, దాని మీద సీఎన్‌సీ మెషినింగ్ (కంప్యూటర్ నడిపే మెషిన్‌తో కోసి కొలతకి తేవడం) కూడా ఒకేచోట కానిచ్చేద్దాం అనుకుంటుంటే కాస్త ఆగండి, ఒక హైడ్రాలిక్ మానిఫోల్డ్‌తో (ప్రెషర్ ఆయిల్‌ని వాల్వులకి పంచే దిమ్మ) నేను బాగా దెబ్బతిన్నా. లోపల ఆయిల్ దారులు వంపులు తిరుగుతాయి, డ్రిల్లుతో అయ్యే పని కాదు, అందుకే 10 శాతం సిలికాన్ ఉండే అల్యూమినియం పౌడర్‌తో లేజర్ ప్రింట్ చేసి, సీల్ కూర్చునే ఫేసులు, థ్రెడ్లు మాత్రం సీఎన్‌సీలో చేయాలి. ఆర్డర్ తీసుకున్న షాపువాళ్లు "మాది హైబ్రిడ్ అండి" అన్నారు. ఒకే మెషిన్‌లో మెటల్ ప్రింట్ చేస్తూ మధ్యలో మిల్లింగ్ చేసేదాన్ని కదా హైబ్రిడ్ అనేది! ఇక్కడ ప్రింట్ చేసేవాళ్లు వేరు, కోసేవాళ్లు వేరు, ఒకళ్ల పని ఇంకొకళ్లకి తెలీదు.

పార్ట్ చూడ్డానికి తళతళలాడుతోంది. పక్కా చదునుగా ఉండే సర్ఫేస్ ప్లేట్ మీద పెట్టి ఒక మూల వేలితో నొక్కా, టక్కుమని ఊగింది. కింద సందు కొలిచే 0.3 మిమీ ఫీలర్ గేజ్ ఆకు హాయిగా దూరిపోయింది. పక్క ఫేసు మీద అయితే ఒక మూల కటర్ తగల్లేదు, ప్రింట్ గరుకు అలాగే ఉంది. మెషినింగ్‌కి 0.2 మిమీ మాత్రమే ఎక్స్‌ట్రా వదిలారట, పార్ట్ అంతకంటే ఎక్కువ వంగింది మరి!

అసలు తప్పు ఎక్కడంటే, లేజర్‌తో కరిగిన ప్రతి పొరా చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది, ఆ బిగువంతా పార్ట్‌లోనే ఉండిపోతుంది, అందుకే ప్రింట్ అతుక్కుని ఉండే బిల్డ్ ప్లేట్ నుంచి కోయకముందే ఫర్నేస్‌లో పెట్టి స్ట్రెస్ రిలీఫ్ చేయాలి, అంటే వేడితో ఆ బిగువు తీసేయాలి, ఈ మెటీరియల్‌కి 300 డిగ్రీల్లో 2 గంటలు అనేది మామూలు లెక్క. వీళ్లు ముందే కోసేశారు, వంగినదాన్నే వైస్‌లో బిగించి ఫ్లాట్ చేశారు, వైస్ వదలగానే అది మళ్లీ తన వంపుకి వెళ్లిపోయింది.

ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు సీల్) కూర్చునే గ్రూవ్‌లో సూదిమొనంత చిల్లులు కూడా ఉన్నాయి, ప్రింట్ పైతోలు కింద దాక్కున్నవి కోస్తే బయటపడ్డాయి. తెల్ల కాగితం మీద పార్ట్‌ని తట్టి చూస్తే బూడిదరంగు పౌడర్ రాలింది. అది వాల్వులోకి పోయుంటే!

నా తప్పూ ఉంది, త్రీడీ ఫైల్ ఒక్కటే పంపా, డ్రాయింగ్ ఇవ్వలేదు. మీరు మాత్రం స్ట్రెస్ రిలీఫ్ ఎప్పుడు, ఏ ఫేసుకి ఎంత ఎక్స్‌ట్రా వదలాలి, మెషినింగ్‌కి ఏ ఫేస్ ఆధారం, పౌడర్ తీశాక ప్రెషర్ టెస్ట్ ఎంతకి అనేవన్నీ ఆర్డర్‌లోనే రాయించుకోండి.

ఫర్నేస్ చార్ట్ (ఎంత వేడిలో ఎంతసేపు ఉంచారో చూపే రికార్డు) పంపమంటే ఇప్పటికీ "వెతుకుతున్నాం అండి" అనే అంటున్నారు.