బెంజ్ సర్కిల్ దగ్గర అమెరికా ఓరియెంటేషన్: వీసా పాఠానికి నాలుగు నక్షత్రాలు, జాతి పాఠానికి ఒకటి

మా అమ్మాయి ఆగస్టులో ఎమ్మెస్ చదువుకు అమెరికా వెళుతున్నందున, విజయవాడ బెంజ్ సర్కిల్ సమీపంలోని ఒక కన్సల్టెన్సీ రెండు ఆదివారాలు నిర్వహించిన ఓరియెంటేషన్ తరగతులకు తనతోపాటు నేనూ హాజరయ్యాను. రుసుము విద్యార్థికి 2,500 రూపాయలు. వెంట వచ్చిన తల్లిదండ్రులకు ఉచితం. నేను అభ్యంతరపెట్టబోయే మాటలు ఊళ్లో చాలా చోట్ల, చాలా ఇళ్లలో వినిపించేవే కనుక సంస్థ పేరు రాయడం లేదు.

మొదటి ఆదివారం చెప్పినదంతా అచ్చంగా పనికొచ్చేది. విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 ప్రవేశ పత్రంలో ఏ గడి ఎందుకుందో, ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవారు తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి ఎందుకు పనిచేయకూడదో, చదువయ్యాక దొరికే 12 నెలల ఓపీటీకి (చదివిన రంగంలో పనిచేసే అనుమతికి), సాంకేతిక కోర్సులవారికి అదనంగా దొరికే 24 నెలలకు లెక్క ఎలా వేసుకోవాలో విసుగు లేకుండా వివరించారు. ఏసీ బాగుంది, టీ పలచన.

రెండో ఆదివారం గంటన్నరసేపు సాగిన ‘అమెరికాలో మాట్లాడకూడని విషయాలు’ అనే పాఠం గురించే ఈ సమీక్ష. టెక్సాస్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేసి తిరిగొచ్చిన ఒక యువకుడు చెప్పారు. మాటకారి, పిల్లలను నవ్వించగలవాడు. ఆయన చెప్పినదాని సారం మూడు మాటలు: నల్లోళ్ల ఏరియాలో ఇల్లు తీసుకోవద్దు, తెల్లోళ్ల దగ్గర రాజకీయం ఎత్తొద్దు, మనం ఎవరి జోలికీ పోకపోయినా మనమంటే వాళ్లకు కడుపుమంట. తెర మీద ‘ద్వేషం’ అనే ఒకే శీర్షిక కింద, విదేశీ నిపుణులను ఉద్యోగాల్లోకి తెచ్చుకునే హెచ్-1బీ వీసాలను తిడుతూ ఎవరో రాసిన పోస్టుల పక్కనే 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతీలో జరిగిన తెలుగు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్ల హత్యను చూపించారు.

నా మొదటి అభ్యంతరం ఆ శీర్షికతోనే. ‘నా దేశం నుంచి పొండి’ అని అరుస్తూ తుపాకి పేల్చినవాడిదీ, తన ఉద్యోగం పోయిందని మండిపడేవాడిదీ ఒకే జబ్బు అని చెబితే, పిల్లలు రెండోవాడికి జవాబు చెప్పడం ఎన్నటికీ నేర్చుకోరు. ఫ్లోరిడాలోని డిస్నీలో సుమారు 250 మంది సాంకేతిక ఉద్యోగులను తొలగిస్తూ, తమ స్థానంలోకి వస్తున్న వీసాదారులకు పని నేర్పి వెళ్లమన్నారన్న వార్త 2015లో అక్కడ పెద్ద దుమారమే రేపింది. ఏటా 65,000, అమెరికాలో పీజీ చేసినవారికి మరో 20,000 అనే పరిమితి ఉన్న ఆ వీసాల మీద 2024 డిసెంబరులో ట్రంప్ సమర్థకులే రెండుగా చీలి కొట్లాడుకున్నారు; 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము వచ్చి పడింది. ఆ గొడవలో జాతి విద్వేషం దండిగా కలిసింది, కాదనను. కానీ ఏది వాదనో ఏది విషమో విడదీసి చూపడానికే కదా మనం డబ్బు కట్టేది.

రెండో అభ్యంతరం ఇంకాస్త ఇబ్బందికరమైనది. ‘అక్కడ కూడా వాళ్లకు రిజర్వేషన్లున్నాయి, మెరిట్ ఉన్నవాడికి సీటు రాదు’ అని ఆ యువకుడు నల్లజాతివారిని ఉద్దేశించి అన్నప్పుడు హాల్లో సగం తలలు ఊగాయి. ఎవరి ఎంసెట్ ర్యాంకు ఎవరికి గుర్తొచ్చిందో ఊహించగలను. వాస్తవానికి అక్కడ జాతి ప్రకారం సీట్లు పక్కన పెట్టడాన్ని 1978లోనే బకీ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది; అనేక అంశాల్లో ఒకటిగా జాతిని చూసే పద్ధతిని కూడా 2023 జూన్ 29న హార్వర్డ్ కేసులో తోసిపుచ్చింది. ఆ కేసులో అన్యాయం జరిగిందని వాదించింది ఆసియా సంతతి విద్యార్థుల పక్షాననే. అంతసేపూ ‘ఈ నలుపు తెలుపు గొడవలో మనం లేం’ అన్న ఉపాధ్యాయుడు ఈ సంగతి ఎత్తనే లేదు. తెల్లవారిలో కొందరు ‘మాకు అన్యాయం జరుగుతోంది’ అంటే అది ద్వేషం, అదే మాట మనం అంటే న్యాయం అన్నట్టుగా పాఠం నడిచింది.

జూనియర్ కళాశాలలో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పినవాణ్ణి కనుక, ప్రశ్నల సమయంలో వందేళ్ల కిందట అమెరికా పౌరసత్వం కోరిన పంజాబీ సిక్కు భగత్ సింగ్ థిండ్ పేరెత్తాను. 1790 నాటి చట్టం తెల్లవారికి మాత్రమే పౌరసత్వ అర్హత ఇచ్చింది. 1870లో ఆఫ్రికా సంతతివారికీ ఆ అర్హత దక్కింది. భారతీయులు ఈ రెండు తలుపుల్లో దేనిగుండా వెళ్లవచ్చో చట్టం చెప్పలేదు. థిండ్ కోర్టుకెళ్లి, రంగును బట్టి గీసిన ఆ గీత తప్పని కాకుండా, అగ్రకులపు ఆర్యుణ్ణి గనుక తానూ తెల్లవాణ్ణేనని వాదించాడు. 1923లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. భారతీయులకు పౌరసత్వపు దారి, ఏటా వంద మందికి ప్రవేశం 1946లో గాని రాలేదు. మనవాళ్లు వేల సంఖ్యలో వెళ్లడానికి వీలు కల్పించిన వలస చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసింది 1965 అక్టోబరు 3న, నల్లజాతీయులు దెబ్బలు తిని సాధించుకున్న ఓటు హక్కు చట్టం వచ్చిన రెండు నెలలకు. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టడం సిగ్గుచేటని ఆ దేశానికి అనిపించేలా చేసింది ఆ పోరాటమే. అద్దె ఇంటి విషయంలో జాగ్రత్త చెప్పండి, వీధి దీపాలు, బస్సు వేళలు, నేరాల లెక్కలు చూసుకోమనండి, ఆ జాగ్రత్తకు చర్మం రంగు కొలబద్ద ఎందుకు అని అడిగాను. ‘థియరీ వేరు సర్, ప్రాక్టికల్ వేరు’ అని ఆయన మర్యాదగానే అన్నారు. వెనక వరుసలో ఒకావిడ మాత్రం ‘మాస్టారు చెప్పింది రాసుకోరా’ అని కొడుకును పొడిచారు.

వీసా నిబంధనల కోసమైతే ఈ శిక్షణకు నిస్సందేహంగా వెళ్లవచ్చు. రెండో ఆదివారం మధ్యాహ్నం మాత్రం పిల్లలను భోజనానికి తీసుకెళ్లి, టీ వేళకు తిరిగి తీసుకురండి.

చివర్లో ఇచ్చిన అభిప్రాయ పత్రంలో ‘ఇతర సూచనలు’ అని రెండే గీతలున్నాయి. ఒలేతీ బార్‌లో ఆ రాత్రి శ్రీనివాస్‌ను, ఆయన మిత్రుణ్ణి కాల్చినవాణ్ణి ఆపబోయి తానూ తూటా దెబ్బ తిన్న తెల్లజాతి యువకుడి పేరు ఆ స్లైడులో లేదు గనుక, మొదటి గీత మీద ‘ఇయాన్ గ్రిల్లట్’ అని రాశాను. కౌంటర్లో కాగితం తీసుకున్న అమ్మాయి దాన్ని రెండుసార్లు చదివి, ‘ఈయనది ఏ బ్యాచ్ అండీ?’ అని అడిగింది.