ఎన్-400 ఆన్‌లైన్‌లో పెట్టొచ్చా? పెట్టొచ్చు, ట్రిప్పుల పేజీ దగ్గర మాత్రం జాగ్రత్త

గ్రీన్ కార్డు నుంచి అమెరికా పౌరసత్వానికి వెళ్లే ఎన్-400 ఫారాన్ని యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) వెబ్‌సైట్‌లోనే నింపడం మేలు. కాగితం మీదైతే 760 డాలర్లు, ఆన్‌లైన్‌లో 710. డబ్బు కట్టగానే రసీదు నంబరు వస్తుంది, నోటీసులు పోస్టు కంటే ముందే అకౌంటులో కనిపిస్తాయి. సగంలో ఆపినా సేవ్ అవుతుంది గానీ, 30 రోజులు దాని జోలికి పోకపోతే డ్రాఫ్టు చెరిపేస్తారు. ఫీజు తగ్గించమని అడిగేవాళ్లు కాగితం మీదే పంపాలి.

ఖాళీ వదిలితే ఫారం గుర్తుచేస్తుంది. తప్పు తేదీ వేస్తే మాత్రం పట్టుకోదు. గ్రీన్ కార్డు మీద ఐదేళ్లు నిండాలన్న లెక్క, కార్డు మీదున్న ‘రెసిడెంట్ సిన్స్’ తేదీ నుంచి. ఆ ఐదేళ్లు నిండడానికి 90 రోజుల ముందు నుంచే పెట్టుకోవచ్చు. అంతకంటే తొందరపడితే తిరస్కరిస్తారు, ఫీజు వెనక్కి రాదు.

అసలు తంటా ట్రిప్పుల పేజీలో. ఐదేళ్లలో 24 గంటలకు మించిన ప్రతి ప్రయాణమూ రాయాలి. 10న అమెరికాలో విమానం ఎక్కినా, మనవాళ్లు పాస్‌పోర్టులో శంషాబాద్ ముద్ర చూసి 12వ తేదీ అని వేస్తారు. ఫారం అడిగేది అమెరికా వదిలిన తేదీ, అంటే 10. టికెట్ ఈమెయిళ్లు దగ్గర పెట్టుకుని నింపండి. ఐదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికాలో ఉండాలి, వెళ్లిన రోజూ వచ్చిన రోజూ అమెరికాలో ఉన్నట్టే లెక్క. అమ్మానాన్నల కోసం ఒకే విడతలో ఆరు నెలలు దాటి ఇండియాలో ఉండిపోయారా? అప్పుడు అమెరికాలో నివాసం తెగలేదని మీరే నిరూపించాలి: పన్ను రికార్డులు, ఇంటి లీజు, ఉద్యోగం వదల్లేదన్న ఆధారాలు. ఇలాంటి కేసుకీ, ఎప్పుడైనా అరెస్టైన కేసుకీ లాయరు ఫీజు దండగ కాదు. మిగతావాళ్లకు అనవసరం.

ఇంటిపేరు గడిలో పేరు, పేరు గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) పడ్డవాళ్లకు ఇదే సర్దుకునే అవకాశం. పేరు మార్పు కోరుతున్నట్టు ఫారంలోనే రాయొచ్చు. అలా కోరితే పౌరసత్వ ప్రమాణం కోర్టులోనే చేయాలి, కొన్ని ఊళ్లలో ఆలస్యమవుతుంది. అయినా ఓపిక పట్టడమే నయం. పేరు మార్పు పత్రం భద్రంగా ఉంచుకోండి, ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకు ఇచ్చే కార్డు) దరఖాస్తులో కావాలి.

2025 అక్టోబర్ 20 నుంచి పెట్టినవాళ్లకు సివిక్స్ (అమెరికా చరిత్ర, ప్రభుత్వం) పరీక్షలో 128 ప్రశ్నల జాబితా నుంచి 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. 50 దాటి, గ్రీన్ కార్డు మీద 20 ఏళ్లుగా ఉంటున్న పెద్దవాళ్లకు ఇంగ్లిష్ పరీక్ష ఉండదు. సివిక్స్ తెలుగులోనే, దుబాసీని పెట్టుకుని చెప్పొచ్చు. 55 దాటితే 15 ఏళ్లు చాలు.

ప్రమాణం చేసిన రోజే భారత పౌరసత్వం పోతుంది. ఆ పాస్‌పోర్టుతో మళ్లీ ప్రయాణించకూడదు, ముందు సరెండర్ చేసి, తర్వాతే ఓసీఐకి వెళ్లాలి.