పాస్‌కోడ్ మరచిన ట్యాబ్: చేతిలోనే తుడిచివేయడమా, కంప్యూటర్‌కు కలపడమా, అంగడికి ఇవ్వడమా?

అనంతపురంలో ఉంటున్న మా పెద్దమ్మకు అమెరికాలోని కొడుకు మూడేళ్ళ కిందట ఒక ఐప్యాడ్ పంపించాడు. వేసవి సెలవులకు బెంగళూరు నుంచి వచ్చిన మనవరాలు, తన తమ్ముడు దానిలో ఆటలాడకుండా ఉండాలని పాస్‌కోడ్ మార్చి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా తిరుగు రైలెక్కింది. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి అడిగితే ఆ పిల్లకు కూడా కొత్త అంకెలు గుర్తు రాలేదు. పెద్దమ్మ తనకు తోచిన పుట్టినరోజులన్నీ నొక్కి చూసింది. మొదట ఒక నిమిషం, ఆపైన ఐదు నిమిషాలు, ఆపైన పదిహేను నిమిషాలు ఆగమని చెప్పిన ఐప్యాడ్, చివరికి ఇక అందుబాటులో లేదని తెర మీద చూపించి ఊరుకుంది. "పాడైపోయిందేమో చూడు నాయనా" అని ఆమె నన్ను పిలిచేసరికి నాలుగో రోజు వచ్చింది.

ఆ నాలుగో రోజు అన్నదే మా కొంప ముంచింది. ఐప్యాడ్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్‌లో, 2023లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 17 నుంచి ఒక వెసులుబాటు ఉన్నది. పాస్‌కోడ్ మార్చిన 72 గంటల లోపల, పలుమార్లు తప్పు నొక్కిన తర్వాత తెర అడుగున కనిపించే పాస్‌కోడ్ మరచిపోయారా అన్న మాటను తాకితే, పాత పాస్‌కోడ్‌తో లోపలికి వెళ్ళి కొత్తది పెట్టుకోవచ్చు. ఒక్క ఫొటో కూడా పోదు. పెద్దమ్మకు పాత పాస్‌కోడ్ కంఠతా వచ్చు. అయితే మేము ఆ దారి గురించి తెలుసుకునేసరికి గడువు దాటి ఒక పూట అయింది. అందువల్ల కొత్తగా మార్చిన పాస్‌కోడ్ మరచినవారు మిగిలిన పద్ధతులను పోల్చుకోవడానికి ముందు గడియారం చూసుకోవాలి. పాతది గుర్తుండి, 72 గంటలు దాటకుండా ఉంటే ఇక ఏది మేలన్న ప్రశ్నే లేదు.

గడువు దాటినవారికి, మొదటినుంచీ ఒకే పాస్‌కోడ్ వాడుతూ దాన్నే మరచినవారికి మిగిలే దారులన్నీ ట్యాబ్‌ను పూర్తిగా తుడిచివేసేవే. ఈ సంగతిని ముందుగా ఒప్పుకోకపోతే మనిషి అంగళ్ళ చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. ఐప్యాడ్‌లోని సమాచారమంతా సంకేతీకరించి ఉంటుంది. దాన్ని విప్పే తాళంచెవి మన పాస్‌కోడ్, ఆ పరికరపు చిప్పులో పుట్టుకతోనే పొదిగిన ఒక రహస్య సంఖ్య, ఈ రెండూ కలిస్తేనే తయారవుతుంది. ఆరంకెల పాస్‌కోడ్‌కు పది లక్షల కలయికలు ఉన్నాయి కాబట్టి, తప్పుకు తప్పుకు మధ్య నిరీక్షణ పెంచడం ద్వారా ఊహించి తెరిచే అవకాశాన్ని మూసివేశారు. 2016లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఒక్క ఐఫోన్ తెరిపించడానికి యాపిల్ మీద కోర్టుకు వెళ్ళి, చివరకు బయటివారి సాయంతో దాన్ని తెరిచి ఆ వ్యాజ్యాన్ని వెనక్కు తీసుకున్నది. అంతటివారికే అంత శ్రమ అయిన పనిని, ఫొటోలు పోకుండా గంటలో చేసి పెడతానని ఊళ్ళో ఒకాయన నాతో అన్నాడు. ఆయన చేతికి ఐప్యాడ్ ఇవ్వకుండా వచ్చేశాను.

తుడిచివేయక తప్పదని తేలిన తర్వాత పోల్చుకోవలసిన దారులు నాలుగు. ట్యాబ్ తెర మీదనే తుడిచివేయడం, వేరే ఫోన్ నుంచి దూరాన తుడిచివేయడం, కంప్యూటర్‌కు కలిపి సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి మనకోసం ఇంకొకరి చేత చేయించడం. అంగడివాడు చేసేది కూడా చాలావరకు మూడోదే. ఆయన దగ్గర అంతకు మించిన విద్య ఏదీ లేదు.

తెర మీదనే తుడిచివేసే సదుపాయం 2021 డిసెంబరులో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 15.2 నుంచి ఉన్నది. తప్పులు మితిమీరి లాక్ పడినప్పుడు తెర అడుగున తుడిచివేత గురించిన మాట గానీ, మరచిపోయారా అన్న మాట గానీ కనిపిస్తుంది. దాన్ని తాకి, యాపిల్ ఖాతా పాస్‌వర్డ్ ఇస్తే ట్యాబ్ ఆ ఖాతా నుంచి బయటికి వచ్చి, తనను తాను తుడుచుకుని, కొత్తదానిలా లేస్తుంది. దీనికి కంప్యూటర్ అక్కర లేదు, కేబుల్ అక్కర లేదు, రుసుము లేదు. షరతులు మాత్రం రెండు ఉన్నాయి: ట్యాబ్ వైఫైకి గానీ సిమ్ నెట్‌కు గానీ కలిసి ఉండాలి, ఖాతా పాస్‌వర్డ్ తెలిసి ఉండాలి. మొదటి షరతు దగ్గర చాలామంది తెలియక ఒక తప్పు చేస్తారు. లాక్ పడగానే మనకు తోచే మొదటి వైద్యం స్విచాఫ్ చేసి మళ్ళీ ఆన్ చేయడం. అలా ఆన్ అయిన ట్యాబ్ పాస్‌కోడ్ ఒకసారి పడేవరకు ఇంటి వైఫైకి తనంతట తాను కలవకపోవచ్చు. అప్పుడు ఈ సులభమైన దారి మూసుకుని, కంప్యూటర్ వెతుక్కోవలసి వస్తుంది. కాబట్టి లాక్ పడిన ట్యాబ్‌ను ఆపకుండా చార్జింగ్‌లో ఉంచడం మంచిది.

రెండో షరతు ఖాతా పాస్‌వర్డ్. మన జిల్లాలో, ఆ మాటకొస్తే సీమ అంతటా, పెద్దవాళ్ళ చేతుల్లో ఉన్న ఐప్యాడ్‌లు సగానికి సగం పిల్లలు పంపినవే అని నా అనుమానం. వస్తువు ఇక్కడ ఉంటుంది, ఖాతా డాలస్‌లో ఉంటుంది. ఓటీపీ వెళ్ళేది అక్కడి నంబరుకు, బిల్లు ఉండేది అక్కడి ఈమెయిల్‌లో. ఇక్కడ పొద్దు పొడిచేసరికి అక్కడ పొద్దు కుంకుతుంది. పెద్దమ్మ కొడుకుతో మాట్లాడి పాస్‌వర్డ్ చెప్పించుకోవడానికే మాకు ఒక రాత్రి గడిచింది. మళ్ళీ సిద్ధం చేసుకునేటప్పుడు వచ్చే ఆరంకెల కోడ్ కోసం ఆయనను మరొకసారి నిద్ర లేపవలసి వచ్చింది. అయినా పాస్‌వర్డ్ అందిన తర్వాత ఈ దారిలో మొత్తం పని ఒక పూటలో ముగిసింది.

వేరే ఫోన్ నుంచి తుడిచివేయడం అన్నది, ఖాతా ఎక్కడో ఉన్న ఇలాంటి ఇళ్ళకు ఇంకొక రకంగా పనికివస్తుంది. కొడుకు తన ఫోన్‌లో, పోయిన యాపిల్ పరికరాలను వెతికిపెట్టే ఫైండ్ మై ద్వారా గానీ, యాపిల్ వారి ఆన్‌లైన్ నిల్వ అయిన ఐక్లౌడ్ వెబ్‌సైటు ద్వారా గానీ, డాలస్‌లో కూర్చునే అనంతపురంలోని ట్యాబ్‌ను తుడిచివేయగలడు. పాస్‌వర్డ్‌ను ఫోన్‌లో ఒక్కొక్క అక్షరంగా చెప్పుకునే అవస్థ తగ్గుతుంది. అయితే ఫైండ్ మై ముందే ఆన్ చేసి ఉండాలి, ట్యాబ్‌కు నెట్ కూడా ఉండాలి. నెట్ లేకపోతే ఆ ఆజ్ఞ ట్యాబ్ నెట్‌కు కలిసే దాకా దారిలోనే ఆగి ఉంటుంది. పైగా తుడిచిన తర్వాత ట్యాబ్ మళ్ళీ అదే ఖాతాను అడుగుతుంది కాబట్టి కొడుకును విడిచిపెట్టే వీలు లేదు. ఈ రెండు దారుల్లో నా ఓటు మొదటిదానికే. ట్యాబ్, పాస్‌వర్డ్ తెలిసిన మనిషి, రెండూ ఒకేచోట లేనప్పుడు మాత్రం రెండోది మేలు.

కంప్యూటర్ దారిని నేను చివరికి ఉంచుతాను. హోమ్ బటన్ ఉన్న పాత ఐప్యాడ్‌ను ఆపి, ఆ బటన్ నొక్కి పట్టుకుని కంప్యూటర్‌కు కలపాలి. బటన్ లేని కొత్తవాటిని ముందుగా కంప్యూటర్‌కు కలిపి, పై బటన్‌కు దగ్గరగా ఉన్న వాల్యూమ్ బటన్‌ను నొక్కి వదిలి, రెండోదాన్ని నొక్కి వదిలి, ఆపైన పై బటన్‌ను రికవరీ తెర వచ్చేవరకు పట్టుకోవాలి. మ్యాక్‌లో ఫైండర్, విండోస్‌లో ఐట్యూన్స్ గానీ యాపిల్ డివైసెస్ గానీ అనే ప్రోగ్రాం ఆ ట్యాబ్‌ను గుర్తించి, రీస్టోర్ చేయమంటారా అని అడుగుతుంది. ఇక్కడ చిక్కంతా దించుకోవలసిన సాఫ్ట్‌వేర్ బరువులో ఉన్నది. అది కొన్ని జీబీలు ఉంటుంది; దించుకోవడానికి పదిహేను నిమిషాలు దాటితే ట్యాబ్ రికవరీ తెర నుంచి బయటికి వచ్చేస్తుంది. అప్పుడు కంగారు పడకుండా డౌన్‌లోడ్ పూర్తి కానిచ్చి, బటన్ల తతంగం మళ్ళీ మొదటినుంచి చేయాలి. మధ్యాహ్నం కరెంటు పోతే రూటర్ కూడా పోయే ఇళ్ళలో ఈ పనిని తెల్లవారుజామున పెట్టుకోవడం తెలివైన పని. కేబుల్ చార్జింగ్‌కు మాత్రమే పనికివచ్చే చౌకబారుది అయితే కంప్యూటర్‌కు ట్యాబ్ కనిపించనే కనిపించదు.

ఈ దారికి ఉన్న ఒకే ఒక గొప్పతనం ట్యాబ్‌కు నెట్ లేకపోయినా, తుడిచే సమయానికి పాస్‌వర్డ్ తెలియకపోయినా పని జరగడం. అయితే అది సగం గొప్పతనమే. 2013లో అప్పటి ఐప్యాడ్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 7తో వచ్చిన యాక్టివేషన్ లాక్ అప్పుడు ఎదురుపడుతుంది. ఫైండ్ మై ఆన్‌లో ఉన్న ట్యాబ్‌ను ఖాతా నుంచి బయటికి తీయకుండా ఏ విధంగా తుడిచినా, తిరిగి లేచేటప్పుడు పాత యజమాని ఖాతా వివరాలు అడుగుతుంది. పాస్‌కోడ్ గది తలుపు అయితే ఇది వీధి వాకిలి. గది తలుపు ఊడబెరికినంత మాత్రాన వాకిలి తెరుచుకోదు. దొంగలను ఆపడానికి పెట్టిన ఈ గడియ మరచిపోయిన యజమానిని కూడా బయటే నిలబెడుతుంది. రీసెట్ చేయించుకున్న తర్వాత ఈ తెర చూసి, అంగడివాడే ట్యాబ్‌ను పాడు చేశాడని పోట్లాడేవారు ఉన్నారు. నిజానికి ఆయన చేసింది ఏమీ లేదు.

అందుకే అంగడికి ఇచ్చేముందు అడగవలసిన ప్రశ్న ధర కాదు, ఖాతా. నేను వెళ్ళిన రెండో అంగడిలో పని చేసే కుర్రవాడు నిజాయితీగా ఒకే మాట చెప్పాడు: "సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తాను సార్, లోపలున్నదంతా పోతాది. ఐడీ అడిగితే మాత్రం మీరే ఇయ్యాల." అంత స్పష్టంగా చెప్పేవారికి, కంప్యూటర్ లేని ఇల్లు కొంత రుసుము ఇచ్చి పని చేయించుకోవడంలో తప్పు లేదు. ఖాతా లేకుండానే తెరుస్తాననేవారికి మాత్రం ట్యాబ్ ఇవ్వకూడదు.

ఆండ్రాయిడ్ ట్యాబ్ అయితే పోలిక కొంచెం మారుతుంది. ఆండ్రాయిడ్ 4.4 వరకు ప్యాటర్న్ మరచినవారు జీమెయిల్ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్ళగలిగేవారు, 5.0 నుంచి ఆ దారి లేదు. ఇప్పుడు ప్రధానంగా ఉన్నవి రెండు: గూగుల్ వారి ఫైండ్ హబ్ ద్వారా దూరాన తుడిచివేయడం, లేదా పవర్, వాల్యూమ్ బటన్లతో రికవరీలోకి వెళ్ళి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టడం. ఐప్యాడ్‌కు భిన్నంగా ఇక్కడ రెండో దారికి సాధారణంగా కంప్యూటర్ అవసరం ఉండదు కాబట్టి, నెట్ లేని ట్యాబ్‌కు అదే సులభం. అయితే 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన రక్షణ వల్ల, రీసెట్ తర్వాత అంతకుముందు అందులో ఉన్న గూగుల్ ఖాతానే అడుగుతుంది. మన అంగళ్ళలో దీన్ని ఎఫ్‌ఆర్‌పీ లాక్ అంటారు. ఆ ఖాతా పాస్‌వర్డ్ కూడా మరచినవారు ముందు దాన్ని ఫోన్‌లో మార్చుకుని, 24 గంటలు ఆగి, ఆ తర్వాతే రీసెట్ కొట్టాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి ఇరుక్కుంటారు. మెమరీ కార్డు ఉంటే తుడిచేముందు తీసి పక్కన పెట్టుకోవడం క్షేమం. ఇక 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చినటువంటి, పాఠాలు ఎక్కించిన బడి ట్యాబ్‌ల సంగతి వేరు. వాటిని రీసెట్ చేసి పాఠాలు పోగొట్టుకోవడం కంటే ప్రధానోపాధ్యాయునికి చెప్పడమే సరి.

పోయిన సమాచారం ఎంత తిరిగి వస్తుందన్నది పైన చెప్పిన ఏ దారి మీదా ఆధారపడి లేదు. అది పూర్తిగా బ్యాకప్ మీద ఆధారపడి ఉంటుంది. యాపిల్ ఉచితంగా ఇచ్చే ఐక్లౌడ్ చోటు 5 జీబీ. పెద్దమ్మ ఐప్యాడ్‌లో అది ఎప్పుడో నిండిపోయింది, నిండిందని వచ్చిన హెచ్చరికలను ఆమె ప్రకటనలనుకుని పక్కకు తోసింది. అందువల్ల చివరి బ్యాకప్ పది వారాల పాతది. మనవళ్ళ ఫొటోలు వచ్చాయి. ఆ పది వారాల్లో తాను పాడి రికార్డు చేసుకున్న మంగళహారతులు రాలేదు. బ్యాకప్ ఆగిపోయిన ఖాతాలో పాత బ్యాకప్‌ను యాపిల్ 180 రోజులు మాత్రమే ఉంచుతుంది కాబట్టి, లాక్ పడిన ట్యాబ్‌ను అటక మీద పెట్టి వచ్చే సంక్రాంతికి కొడుకు వచ్చాక చూద్దామనుకోవడం అన్నిటికంటే చెడ్డ దారి.

ఖాతా కూడా అందనివారికి మిగిలేది యాపిల్ వారినే అడగడం. అనంతపురం నుంచి 44వ జాతీయ రహదారి మీద వెళ్ళేవారికి, 2025 సెప్టెంబరులో తెరిచిన యాపిల్ సొంత దుకాణం బెంగళూరు ఊరి మొగదలలోనే, హెబ్బాళ్ పక్కన తగులుతుంది. కానీ అక్కడివారు కూడా పాస్‌కోడ్ చదివి చెప్పరు. కొన్నదానికి రుజువు చూపిస్తే యాక్టివేషన్ లాక్ తీసే సంగతి పరిశీలిస్తారు, అంతే. ఆ విన్నపం ఇంట్లోనుంచే యాపిల్ వెబ్‌సైటులో పెట్టవచ్చు. కాబట్టి ముందు డాలస్ నుంచి బిల్లు ఈమెయిల్‌లో తెప్పించుకుని, ఇంటి నుంచే విన్నపం పెట్టి, వారు రమ్మంటేనే బస్సెక్కాలి.